రెండు కళ్ల తలుపు

“ఉండు మనవరాలా, అద్దం సంగతి అప్పుడే రాయకు. అది తర్వాత వస్తుంది. ముందు తలుపు రాయి. తలుపు తియ్యకుండా ఇంట్లోకి ఎలా పోతాం? నేను నెమ్మదిగానే చెప్తాలే, నువ్వేం పరిగెత్తక్కర్లేదు. రాశావా? ఆఁ, ఇప్పుడు విను.”

ఆ తలుపు ఒక్క వేలితో తోస్తే చాలు, తెరుచుకునేది. కిర్రుమనేది కాదు, గుమ్మాన్ని రాసుకునేది కాదు. మూసినప్పుడు మాత్రం చిన్నగా ‘టిక్’ మనేది. దాన్ని చేసిన వడ్రంగికి ఆ చప్పుడంటే ప్రాణం. ఇంటి పని నడిచినన్నాళ్లూ రోజూ పొద్దున్నే వచ్చి నాలుగుసార్లు తీసి, నాలుగుసార్లు మూసి, ఆ తర్వాతే టీ తాగేవాడు.

గోడలూ గచ్చూ బాగుచేసినవాడు అతని బావ, తాపీ మేస్త్రి. రంగులు వేసింది బుల్లెమ్మ. ఆమె వడ్రంగికి అక్క, మేస్త్రికి భార్య. అసలు పేరు వేరే ఉంది గానీ, ఆమె ఎదుగుదల చిన్నప్పుడే ఎక్కడో అలిగి ఆగిపోయింది. దాంతో ఆ పేరే నిలిచిపోయింది. మేస్త్రి ఏమో నిచ్చెన అక్కర్లేని మనిషి. ఇద్దరూ పక్కపక్కన నడిచి వస్తుంటే, గొడుగూ దాని పిడీ వస్తున్నట్టుందని తమ్ముడు ఏడిపించేవాడు.

మేస్త్రి అంతకుముందు ఓ కంట్రాక్టరు కింద పనిచేశాడు. పెద్ద పెద్ద మేడలు లేపాడు. లేపిన మేడలోకి మళ్లీ అడుగుపెట్టింది లేదు, తాళాలు వేరేవాళ్లవి. బావమరిది ఊరికి ఇంకో చివర ఎవరిదో దుకాణంలో తలుపులు కోసేవాడు. బుల్లెమ్మ ఏ గోడకి పిలిస్తే ఆ గోడకి వెళ్లేది. ముగ్గురూ కలిసి టీ తాగాలంటే ఆదివారం రావాల్సిందే. అలాంటి ఓ ఆదివారం బుల్లెమ్మే అంది.

“మనం ముగ్గురం కలిస్తే ఒక ఇల్లు అవుతుంది కదా? ఎవరెవరికోసమో తిరగడం ఎందుకు? ఓ పాతిల్లు కొని, బాగుచేసి, అమ్ముదాం.”

అలా కొన్నదే ఆ ఇల్లు. రొట్టెల దుకాణానికీ సైకిళ్ల దుకాణానికీ మధ్య, చిన్న పెరడుతో, ఒకే కుటుంబం ఉండేట్టు కట్టిన ఇల్లు. కొన్ననాడు పైకప్పులోంచి ఆకాశం కనిపించేది. వంటింట్లో పిల్లి పిల్లల్ని పెట్టి ఉంది. ఆ వీధిలో ఒక్కో కిటికీలోంచి ఒక్కో భాష వినిపించేది. పొద్దున పిల్లలు బడికి బయల్దేరే వేళ ఎన్ని రకాల తిట్లో! కానీ అందరూ అందరి మాటా నాలుగేసి ముక్కలు నేర్చుకున్నారు. ఆ ముక్కలన్నీ కలిపి వీధంతా ఒకటే కలగాపులగం భాష మాట్లాడేది. ఇల్లు ఎవరు కొన్నారా అని అందరూ తొంగిచూశారు. మేస్త్రి పైకప్పు ఎక్కిన రోజు రొట్టెలతను కింద నిలబడి, “పడితే మా పిండి బస్తాల మీద పడండి మేస్త్రిగారూ, మెత్తగా ఉంటుంది!” అని అరిచాడు.

ఇల్లు అమ్ముడుపోతే ఇంకో పాతిల్లు, దాని తర్వాత మరొకటి, ముగ్గురూ ఒకే కప్పు కింద పని. పోకపోతే మళ్లీ ఎవరి దారి వాళ్లది. కంట్రాక్టరు అప్పటికే కబురు పెట్టాడు. ఎక్కడో దూరాన పెద్ద పని మొదలవుతోంది, మేస్త్రి వస్తే నెలల తరబడి అక్కడే ఉండాలి, నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పాలి. బుల్లెమ్మకి అక్కడ పని లేదు. ‘చెప్తాలెండి’ అని మేస్త్రి ఊరుకున్నాడు.

ఇక మేస్త్రి పనితీరు గురించి ఒక మాట చెప్పుకోవాలి. కంట్రాక్టరు దగ్గర ప్లాను కాగితం ఉండేది. ఏది ఎంత ఎత్తున పెట్టాలో అందులో రాసి ఉండేది, మేస్త్రి అలాగే పెట్టేవాడు. ఈ ఇంటికి అలాంటి కాగితం ఏదీ లేదు. అందుకని ఎక్కడ ఏ ఎత్తు కావాల్సి వచ్చినా, “ఏమే, ఓసారి ఇలా వచ్చి నిలబడు” అనేవాడు. ఆమె బ్రష్షు పట్టుకునే వచ్చి నిలబడేది. మోచేతి దగ్గర పెన్సిలుతో గోడ మీద గీత గీసేవాడు.

“ఇంత ఉంటే సరిపోతుందా?”

“హాయిగా ఉంది.”

అంతే, గట్టు అక్కడికి లేచేది. వంటగట్టు అలా, అంట్లు తోమే తొట్టి అలా, స్విచ్చులు అలా, స్నానాలగదిలో తువ్వాలు కొక్కేలు అలా. బావని చూసి వడ్రంగి కూడా అదే మరిగాడు. తలుపులో ఎవరొచ్చారో లోపలినుంచి చూసుకునే చిన్న అద్దం కన్ను ఉంటుంది కదా, దానికీ అక్కనే నిలబెట్టాడు.

“అక్కా, కనిపిస్తోందా?”

“సైకిళ్ల దుకాణం దాకా కనిపిస్తోందిరా!”

పని పూర్తయింది. ఇల్లు పెళ్లికి ముస్తాబైనట్టు తయారైంది. అమ్మిపెట్టడానికి బ్రోకరమ్మ వచ్చింది. చురుకైన పిల్ల, మాటలు గలగలా పారేవి. మనిషి అసలే పొడుగు, దానికి తోడు మడమల చెప్పులు. గదులన్నీ చూసి, “మీరేం బెంగపెట్టుకోకండి. పది రోజుల్లో తాళాలు చేతులు మారకపోతే నన్నడగండి” అంది.

మనుషులు రావడం మొదలుపెట్టారు. పిల్లలున్నవాళ్లు, లేనివాళ్లు, కొత్తగా పెళ్లయినవాళ్లు, ముసలివాళ్లని వెంటబెట్టుకొచ్చినవాళ్లు. తలుపుని వేలితో తోసి ‘అబ్బ!’ అనేవాళ్లు. గోడల రంగు చూసి ‘ఓహో!’ అనేవాళ్లు. వంటింట్లోకి వెళ్లి, స్నానాలగదిలోకి తొంగిచూసి, బయటికొచ్చేసరికి ఎందుకో వాళ్ల మొహాలు చప్పబడేవి.

“ఇల్లు చాలా బాగుందండి. ఏదో... ఆలోచించుకుని చెప్తాం” అని వెళ్లిపోయేవాళ్లు. ఆ ఏదో ఏమిటో వాళ్లకీ తెలియదు. ఒకాయన మాత్రం వెళ్తూ వెళ్తూ నడుం మీద చెయ్యి వేసుకుని, “ఈ ఇంట్లో నాకెందుకో ముసలితనం వచ్చినట్టుంది” అన్నాడు. ఆయన వయసుకి అది ఎప్పుడో వచ్చి ఉండాలిలే అని వడ్రంగి అక్క చెవిలో గొణిగాడు.

బ్రోకరమ్మ పెట్టిన గడువు దాటిపోయింది. నెలాఖరు దగ్గరపడింది. ముగ్గురూ ఒకరి పనిని ఒకరు అనుమానంగా చూడడం మొదలుపెట్టారు.

“నీ గచ్చు జారుతోందేమో బావా.”

“నీ తలుపు మరీ మెత్తగా తెరుచుకుంటోంది. దొంగలకి ముద్దొస్తుందని భయపడుతున్నారేమో.”

“నా తలుపునంటే ఊరుకోను!”

“ఇద్దరూ నోరు ముయ్యండి” అని బుల్లెమ్మ ముందుగదికి రంగు మార్చింది. ఆకుపచ్చ తీసేసి గోధుమరంగు వేసింది. వచ్చినవాళ్లు దాన్నీ మెచ్చుకున్నారు. మెచ్చుకుని వెళ్లిపోయారు.

ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. ఇల్లు చూడ్డానికి ఎవరూ రారని ముగ్గురూ ముందుగదిలో గచ్చు మీదే కూర్చుని టీ తాగారు. తాగిన గ్లాసులు ఎప్పుడూ బుల్లెమ్మే కడిగేది. ఆ రోజు ఆమె కిటికీ చువ్వకి రంగు దిద్దుతూ, “చేతులు ఖాళీ లేవు. ఈ పూట ఆ గ్లాసులు నువ్వు కడిగితే నీ తాపీ ఏం అలగదు” అంది.

మేస్త్రి గ్లాసులు పట్టుకుని వంటింట్లోకి వెళ్లాడు. మొదటి గ్లాసు బాగానే కడిగాడు. రెండో గ్లాసుకి నడుం దగ్గర ఎవరో చిటికెడు పట్టి లాగినట్టయింది. మూడో గ్లాసుకి మోకాళ్లు వంచాడు. నిటారుగా లేవబోయి ‘అమ్మా’ అన్నాడు. తొట్టి వైపు చూశాడు. గట్టు వైపు చూశాడు. పని చేసినన్నాళ్లూ మోకాళ్ల మీదో, గొంతుకూర్చునో చేశాడు. పనయ్యాక దాని ముందు నిలబడింది ఇదే మొదటిసారి.

“ఏరా, ఓసారి ఇలా రా” అని బావమరిదిని పిలిచాడు. “ఈ గ్లాసు కడుగు.”

“నీకేమైంది బావా? గ్లాసు కడగడానికి మనిషిని పెట్టుకున్నావా?”

“కడగరా ముందు.”

వడ్రంగి వంగాడు, ఇంకాస్త వంగాడు. “ఇదేంటి, తొట్టి పాతాళంలో ఉంది!”

ఇద్దరూ స్నానాలగదిలోకి నడిచారు. అద్దం ముందు పక్కపక్కన నిలబడ్డారు. అద్దంలో రెండు చొక్కాల గుండీలూ రెండు మెడలూ కనిపించాయి. తలకాయలు లేవు.

“బావా, ఇద్దరిలో నువ్వెవరు?” అన్నాడు వడ్రంగి.

నవ్వు ఆగలేదు. నవ్వుతూనే మేస్త్రి గోడకి జారగిలపడ్డాడు. చెయ్యి స్విచ్చుకి తగలలేదు, తొడ తగిలింది. దీపం వెలిగింది. అది చూసి ఇంకా నవ్వారు. గోల విని బుల్లెమ్మ బ్రష్షుతో పరిగెత్తుకొచ్చింది. అద్దం ముందు ఆమె నిలబడితే మొహం నిండుగా, చక్కగా, ఫొటో కట్టించినట్టు కనిపించింది.

“ఎందుకంత నవ్వు? అద్దం బాగానే ఉందిగా?”

“నీకు బాగుందే. ఈ ఇల్లంతా నీకు బాగుంది. ఒక్క నీకే బాగుంది.”

సంగతి చెప్పాడు. ఆమె వెంటనే నవ్వలేదు. వంటింట్లోకి వెళ్లి గట్టు మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. తర్వాత చుట్టూ వెతికింది.

“నా పీట ఏదిరా?”

ఆమెకో పీట ఉండేది. పెళ్లయిన కొత్తలో తమ్ముడే చేసిచ్చాడు. ఏ ఇంట్లో అద్దెకున్నా, ఏ వంటగట్టు ముందు నిలబడ్డా, కాళ్ల కింద అది ఉండాల్సిందే. పనికెళ్తే సంచిలో పెట్టుకుని వెళ్లేది. తీరా చూస్తే అది పెరటి తలుపు పక్కన, రంగు డబ్బాల కింద ఉంది. దాని మీద అన్ని రంగులూ కారి గట్టిపడి ఉన్నాయి.

“చూశావా,” అంది మెల్లగా, “ఈ ఇంట్లో నేను దాన్ని ఒక్కసారి కూడా వెతుక్కోలేదు. లేదన్న సంగతే గుర్తు రాలేదు.”

మేస్త్రికి నవ్వు ఆగిపోయింది. ఇన్నేళ్లుగా తన ఇంట్లో ఆమె పీట ఎక్కడం, దిగడం చూస్తూనే ఉన్నాడు. ఆమె నడకలాగే అదీ ఆమెలో ఒక భాగం అనుకున్నాడు. కానీ ఇప్పుడు దాని గురించి ఆలోచించే తీరిక లేదు, నెలాఖరు తరుముకొస్తోంది. సుత్తీ ఉలీ తీశాడు.

“అదెందుకు?”

“పగలగొట్టి పైకి లేపాలి. ఇంకేం చేస్తాం?”

“ఎంత ఎత్తుకి?”

“అందరికీ పెట్టే ఎత్తుకి.”

“ఆ అందరూ ఎవరు? నాకు తెలిసి అందరికీ అని పెట్టినవేవీ నాకు అందలేదు. మొన్న వచ్చినవాళ్లకి నా ఎత్తు కుదరలేదు. రేపొచ్చేవాళ్లకి నీ ఎత్తు కుదురుతుందని ఏంటి నమ్మకం? ఉలి కింద పెట్టు.”

బ్రష్షు నీళ్లలో వేసి, చేతులు తుడుచుకుని, వీధి తలుపు తెరిచింది. వాన వెలిసింది. రొట్టెల దుకాణం చూరు కింద నిలబడ్డ జనం అప్పుడే కదులుతున్నారు.

“ఏమండోయ్, అందరూ ఓసారి లోపలికి రండి! ఊరికే నిలబడి వెళ్లడమే!”

ఆ వీధిలో ఎవరినైనా ఊరికే రమ్మంటే రానివాళ్లు లేరు. చెప్పులు గుమ్మం బయట గుట్టపడ్డాయి. వంటింటి గోడ ముందు ఒక్కొక్కరే నిలబడుతుంటే, మేస్త్రి మోచేతి దగ్గర గీత గీశాడు.

“పొట్ట కూడా కొలుస్తారా మేస్త్రిగారూ?” అన్నాడు రొట్టెలతను.

“దానికి గట్టెందుకన్నా, అదే ఓ గట్టు!” అంది బుల్లెమ్మ.

సంగీతం చెప్పే ముసలావిడ కర్ర పక్కన పెట్టి, “తొందరగా గీయి నాయనా. నేను ఏటేటా కుదించుకుపోతున్నాను, ఆలస్యమైతే ఇంకా కిందికి పోతాను” అంది. గీతలు పైనా కిందా పడుతూ, గోడ మీద పిట్టలు వాలినట్టు కనిపించాయి. ఏ రెండూ ఒక చోట లేవు. మధ్యకి ఒక్క గీత గీసి ఇదే అందరి ఎత్తు అందామంటే, సరిగ్గా ఆ మధ్యన ఎవరి గీతా లేదు. మేస్త్రి తల పట్టుకున్నాడు.

ఆఖరున వచ్చిన ఇద్దరూ భార్యాభర్తలు. రొట్టెల దుకాణం మేడ మీద అద్దెకుండేవాళ్లు. ఆమె సిటీబస్సు డ్రైవరు, గుమ్మంలో తల వంచి వచ్చేంత పొడుగు. ఆయన దర్జీ, మెడలో టేపు వేసుకునే వచ్చాడు, బుల్లెమ్మకంటే ఓ వేలెడు ఎక్కువ ఉంటాడేమో. గోడ మీద వాళ్లిద్దరి గీతలూ చూసి అందరూ ఈలలు వేశారు.

“మీ వంటింట్లో గట్టు ఎవరి ఎత్తుకి ఉందమ్మా?” అని అడిగాడు మేస్త్రి.

“ఎవరి ఎత్తుకీ లేదన్నా. నాకు నడుం విరుగుతుంది, ఆయనకి చంక పైకి ఉంటుంది. అంట్ల దగ్గర రోజూ యుద్ధమే” అంది డ్రైవరమ్మ. “బస్సు నయం. డ్యూటీ మారగానే సీటు ముందుకో వెనక్కో జరుపుకుంటాం. ఇంట్లో ఏదీ జరగదు.”

“నేను వీధంతటికీ ఒకే కొలతతో చొక్కా కుడితే నా మొహాన కొడతారు,” అన్నాడు దర్జీ. “మరి ఇంటికి మాత్రం ఒకే కొలతా?”

బుల్లెమ్మ మొగుడి వైపు చూసింది. “జరగకపోతే రెండు పెట్టు. ఈ గోడకి నాది ఉండనీ. ఆ గోడకి నీది కట్టు.”

మేస్త్రి ఉలి సంచిలో పడేసి తాపీ తీశాడు. ఒక పక్క తక్కువ ఎత్తు గట్టు అలాగే ఉంది. ఎదుటి పక్క ఎత్తుగా ఇంకోటి లేచింది, తొట్టి దాని మీదికి ఎక్కింది. స్నానాలగదిలో నిలువుటద్దం వచ్చింది. కొక్కేలు రెండు వరసలయ్యాయి. స్విచ్చులు మేస్త్రి తొడ దగ్గరినుంచి భుజం దగ్గరికి వచ్చాయి. బుల్లెమ్మకి కూడా చెయ్యి చాపితే అందేంత ఎత్తే. అన్నీ కుదిరాయి గానీ, తలుపు దగ్గర పేచీ వచ్చింది.

“నా తలుపుకి ఇంకో కన్నమా?” వడ్రంగి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. “ఆ చెక్క ఎంత వెతికితే దొరికిందో తెలుసా? చిత్రిక పట్టి పట్టి నా చేతులు అరిగిపోయాయి. ఒకటి పెట్టడానికే నా ప్రాణం పోయింది!”

“ఇప్పుడున్న కన్నంలోంచి ఓసారి చూడు” అన్నాడు మేస్త్రి.

వడ్రంగి వంగి చూశాడు. అదే సమయానికి బ్రోకరమ్మ బయట నిలబడి ఉంది. ఆమె చేతిసంచీ తప్ప ఏమీ కనిపించలేదు.

“మనిషి కనిపించట్లేదు బావా, సంచీ వచ్చింది!” అన్నాడు నీరసంగా. ఆ సాయంత్రమే రెండో కన్నం పెట్టాడు. పెడుతున్నంతసేపూ తలుపుని తడుముతూ, “ఒక్క నిమిషం ఓర్చుకో తల్లీ” అని ఊరడించాడు. మర్నాడు పొద్దున తీసి మూసి చూశాడు. ‘టిక్’ అంది. హమ్మయ్య అనుకున్నాడు.

నెలలో ఆఖరి రోజు. బ్రోకరమ్మ కొత్తవాళ్లని తీసుకొస్తానంది. వాళ్లు రాకముందే డ్రైవరమ్మా దర్జీ వచ్చారు, పని ఎలా కుదిరిందో చూస్తామని. ఊరికే చూస్తే ఏం తెలుస్తుందని, ఇంట్లోంచి కూరగాయలూ గిన్నెలూ పట్టుకొచ్చారు. ఆయన ఇటు తిరిగి కింది గట్టు మీద ఉల్లిపాయలు తరిగాడు. ఆమె అటు తిరిగి పై తొట్టిలో గిన్నెలు కడిగింది. వీపులు ఆనుకుని, ఎవరి పనిలో వాళ్లు, కూనిరాగాలు తీసుకుంటూ.

బ్రోకరమ్మ వెంట వచ్చినవాళ్లు వంటింటి గుమ్మంలో ఆగిపోయారు. “అయ్యో, ఈ ఇంట్లో అప్పుడే మనుషులున్నారే! ఇది వీళ్లదా?”

దర్జీ తల ఎత్తకుండానే, “అవునండి” అన్నాడు.

డ్రైవరమ్మ చేతిలో గిన్నె జారింది. “ఏంటీ? మనదా? ఎప్పుడు కొన్నాం?”

“ఇప్పుడే. పొద్దుట్నుంచీ నువ్వు నడుం పట్టుకోలేదు. నేను మునివేళ్ల మీద లేవలేదు. మనిద్దరం ఒక వంటింట్లో ఇంతసేపుండి పోట్లాడుకోలేదు. ఇంకేం చూడాలి?”

ఆమె ఇటు తిరిగింది. తడి చేత్తోనే ఆయన నెత్తి మీద ఒకటి మొట్టింది. “ఉల్లిపాయలు తరుగుతూ ఏడుస్తున్నావా, నిజంగానే ఏడుస్తున్నావా?”

“సగం సగం.”

బ్రోకరమ్మ క్షణంలో తేరుకుంది. తీసుకొచ్చినవాళ్లని బయటికి సాగనంపి, చెప్పులు విప్పేసి, గచ్చు మీద కూర్చుని బేరం అక్కడికక్కడే తేల్చింది. బ్యాంకుకి ఎప్పుడు వెళ్లాలో, తాళాలు ఎప్పుడివ్వాలో అన్నీ మాట్లాడింది. “ఇన్నాళ్లూ ఊరంతా తిరిగాను, కొనేవాళ్లు పక్క మేడ మీద ఉన్నారు!” అని తనని తనే తిట్టుకుంది. రొట్టెలతను అద్దెకున్నవాళ్లు పోతున్నారని ఒక కంట ఏడ్చి, పక్కింటికే కదా అని ఇంకో కంట నవ్వాడు.

వంటింటి గోడ మీది గీతలకి రంగు వెయ్యడానికి బుల్లెమ్మ బ్రష్షు తీసింది. డ్రైవరమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. “ఉండనీ అక్కా. వీధంతా వచ్చి నిలబడింది కదా.”

మేస్త్రి కంట్రాక్టరుకి ఫోను చేసి, “రాలేనండి, ఇక్కడ పనుంది” అన్నాడు. నిజంగానే పనుంది. ఇంకో పాతింటిని చూసి ఉంచారు. కానీ దానికంటే ముందు, మర్నాడే, తాము అద్దెకుండే ఇంటి యజమానిని బతిమాలి ఒప్పించాడు. వంటింట్లో చాప పరిచి, ఉలి తీశాడు.

“ఏమే, ఓసారి ఇలా వచ్చి నిలబడు.”

బుల్లెమ్మ అలవాటుగా పీట వేసుకుని నిలబడింది.

“పీట దిగు,” అన్నాడు మేస్త్రి.

ఆమె దిగింది. మోచేతి దగ్గర గీత గీశాడు. సాయంత్రానికి ఆ వంటగట్టు గీత దాకా దిగివచ్చింది. పీటేం వృథా కాలేదు. గోడల అడుగున రంగు వేసేటప్పుడు బుల్లెమ్మ దాని మీద కూర్చునేది. తర్వాత వాళ్లు బాగుచేసిన ప్రతి ఇంట్లోనూ, మేస్త్రి టేపు తియ్యకముందు ఆ వీధివాళ్లని పిలిచి నిలబెట్టేవాడు.

“అంతేనే మనవరాలా, రాశావా? కలం మూత పెట్టు. ఈ ఆదివారం మీ చిన్నతాత దగ్గరికి వెళ్లినప్పుడు ఇది చదివి వినిపించు. వడ్రంగి వేరే ఎవరో కాదు, ఆయనే, నా తమ్ముడు. ఆ రెండో కన్నం తన ఆలోచనే అని ఇప్పటికీ ఊరంతా చెప్పుకుంటున్నాడట. అందుకని తలుపుకి అడ్డంగా నిలబడ్డ చోటు వచ్చినప్పుడు కాస్త గట్టిగా చదువు. ఆయనకి చెవులు సరిగ్గా వినపడవు. వినపడకపోతే రెండుసార్లు చదువు.”